ఆఖరి బంతిలో తిన్నవాళ్లకే ఎందుకలా అయింది?

పెళ్లి భోజనం తిన్న పాతిక మందికో యాభై మందికో వాంతులు పట్టుకుంటే గోదావరి ఊళ్లలో ముందుగా వినబడే మాట ఒకటుంది: సాంబారులో బల్లి పడి ఉంటుంది. హాస్టల్లో పిల్లలు పడిపోయినా అదే మాట. ఆ తర్వాత నూనె కల్తీ అంటారు, పెరుగు పాడైందంటారు, పనసపొట్టు కూర పడలేదంటారు. నిజానికి మన గోడల మీద తిరిగే బల్లికి విషం లేదు. దాని రెట్టలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు కాబట్టి బల్లి పడిన వంటకం పారబోయాల్సిందే. కానీ తెర్లుతున్న సాంబారులో సాల్మొనెల్లా బతకదు. అలాంటి సాంబారు తిన్నవాళ్లు మూడు గంటల్లో వాంతులు చేసుకున్నారంటే కారణం మరోచోట ఉంది.

ఆ కారణం తెలియాలంటే ఎవరు ఏం తిన్నారని అడిగితే చాలదు, ఏ బంతిలో తిన్నారని కూడా అడగాలి. ఇలాంటప్పుడు తరచుగా తేలేది ఇదే: మొదటి బంతిలో కూర్చున్నవాళ్లకి ఏమీ కాదు. ఆఖరి బంతిలో తిన్నవాళ్లు, అందరికీ వడ్డించి మూడింటికి విస్తరి ముందు కూర్చున్న కుర్రాళ్లు, మిగిలింది క్యారేజీల్లో ఇంటికి పట్టుకెళ్లినవాళ్లు పడతారు. అందరూ తిన్నది అదే గుండిగలోది, అదే నూనెతో చేసింది, అదే వంట మాస్టరు చేతిది. తేడా అల్లా వండిన వేళకీ తిన్న వేళకీ మధ్య గడిచిన గంటలది.

ఆ గంటల్లో ఏం జరుగుతుందో వంటవాళ్లకీ, ఇంట్లో వండే అమ్మలకీ అర్థమయ్యేలా చెప్పడమే ఆహార భద్రత చదువులో అసలు పని అని నేను నమ్ముతాను. చేతులు కడుక్కోండి, తలకి టోపీ పెట్టుకోండి అని గోడకి కాగితం అంటించడంతో ఆ పని అయిపోదు.

ముక్కుకి అందని ముప్పు

మనం వంటకం బాగుందో లేదో ముక్కుతో, వేలితో తేల్చుకుంటాం. అన్నం పాచివాసన వేస్తోందా, పప్పు తీగ సాగుతోందా, కూర మీద నురగ కట్టిందా అని చూస్తాం. అది పనికొచ్చే పరీక్షే. అయితే అది పట్టుకునేది వంటకాన్ని చెడగొట్టే సూక్ష్మజీవులని. మనిషిని పడగొట్టేవి వేరే జాతి. అవి లక్షల్లో పెరిగినా వాసన మారదు, రుచి మారదు. ఘుమఘుమలాడే బిర్యానీలోనూ అవి ఉండొచ్చు. అందుకే "వాసనేమీ రాలేదండీ, మేమూ తిన్నాం కదా" అని వంటవాళ్లు చెప్పేది అబద్ధం కాదు. వాళ్లు నిజంగానే వాసన చూశారు, ఆ వాసనలో తేడా లేదు.

ఒక్క అన్నం సంగతే దగ్గరగా చూద్దాం. తెల్లవారుజామున గాడిపొయ్యి అంటిస్తారు. గంజి వార్చిన అన్నాన్ని తాటాకు చాప మీద గుడ్డ పరిచి రాశి పోస్తారు, పైన అరిటాకులో మరో గుడ్డో కప్పుతారు. పది గంటలకి ఆ రాశి మీద చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. నడుముకి చెయ్యి దూరిస్తే చురుక్కుమంటుంది. ఆ చల్లటి పైపొరకీ కాలే నడుముకీ మధ్య జానెడు మందాన ఒక పొర ఉంటుంది, పట్టుకుంటే ఒంటివేడిలా వెచ్చగా ఉండే పొర. ప్రమాదమంతా ఆ పొరలోనే.

వరిచేల మట్టిలో బాసిలస్ సీరియస్ అనే సూక్ష్మజీవి సహజంగా ఉంటుంది. ధాన్యంతో మిల్లుకి, బియ్యంతో వంటింటికి చేరుతుంది. ఎసట్లో అన్నీ చస్తాయనుకుంటాం గానీ, ఇది సిద్ధబీజాల రూపంలో గట్టి పెంకు కట్టుకుని ఉడుకుని తట్టుకుంటుంది. పైగా ఆ ఉడుకే దాన్ని నిద్రలేపుతుంది, దానికి పోటీ వచ్చే మిగతా సూక్ష్మజీవులని చంపేస్తుంది. అన్నం గోరువెచ్చన కాగానే మొలకెత్తి పెరుగుతుంది. పెరుగుతూ సెర్యులైడ్ అనే విషాన్ని వదులుతుంది. 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా ఆ విషం చెక్కుచెదరదు. మన ప్రెషర్ కుక్కర్ లోపలి వేడి కూడా సుమారు అంతే. అంటే మధ్యాహ్నం మిగిలిన అన్నాన్ని రాత్రి పోపులో ఎంత వేయించినా, ఒకసారి పుట్టిన విషం పోదు.

"మళ్లీ బాగా మరగబెట్టాం కదా" అన్న మాట దగ్గరే పెద్ద చిక్కుముడి ఉంది. ఆ మాట కొన్నిటి విషయంలో నిజం, కొన్నిటి విషయంలో కాదు.

మాంసం కూరలు, పెద్ద గుండిగల్లో పప్పు, గ్రేవీలు ఉన్నచోట ఎక్కువగా కనబడేది క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్. దానికి గాలి గిట్టదు. కూర మరిగేటప్పుడు అందులోని గాలి బయటికి పోతుంది, కాబట్టి లోతైన గుండిగ అడుగు దానికి సరైన ఇల్లు. దానికి ఇష్టమైన వేడి 43 నుంచి 47 డిగ్రీలు. ఆ వేడి దొరికితే పది నిమిషాలకోసారి రెట్టింపవగలదు. లెక్క వేసి చూడండి: అదే వేగంతో సాగితే ఒక్కటి నాలుగు గంటల్లో 24 సార్లు రెట్టింపై కోటీ అరవై ఏడు లక్షలు దాటుతుంది. అయితే ఇది కడుపులోకి పోయాకే విషం పుట్టిస్తుంది. తినబోయే ముందు కూర అంతా కుతకుత ఉడికేలా కాస్తే చాలావరకు చచ్చిపోతుంది. ఇక్కడ మరగబెట్టడం పనిచేస్తుంది.

మూడోది స్టాఫిలోకాకస్ ఆరియస్. ఇది బయటి నుంచి రాదు, మన దగ్గరే ఉంటుంది. ఎందరో ఆరోగ్యవంతుల ముక్కులో, చర్మం మీద ఉండేదే. వేలి మీద చీము పట్టిన గాయం ఉంటే అక్కడ విపరీతంగా ఉంటుంది. వండేశాక చేత్తో కలిపేవాటిలోకి, చేత్తో విడదీసేవాటిలోకి, కోవా బిళ్లల్లాంటి చేత్తో ఒత్తేవాటిలోకి దిగుతుంది. గంటల తరబడి వెచ్చగా ఉంచితే అందులోనే విషం వదులుతుంది. ఆ విషమూ మరిగిస్తే పోయేది కాదు. గుండిగెడు అన్నాన్ని మోచేతిదాకా చెయ్యి పెట్టి కలిపే మనిషికి చేతికి గాయముంటే ఆ రోజు అతన్ని కూరగాయలు తరిగే పనికీ పెట్టకూడదు. పొయ్యి దగ్గర కట్టెల పనో, సామాను మోసే పనో ఇవ్వాలి. కూలీ కోయకూడదు. కోస్తే గాయాన్ని దాచుకుంటాడు.

తిన్నప్పటి నుంచి ఒంట్లో బాగోలేకపోయేదాకా గడిచిన గంటలే కారణం వైపు దారి చూపిస్తాయి. తిన్న అరగంట నుంచి ఆరేడు గంటల్లోపు వాంతులు మొదలై జ్వరం లేదంటే, ముందే విషం పుట్టిన అన్నమో చేతి తాకిడి ఎక్కువైన వంటకమో అనుకోవచ్చు. ఆరు గంటల నుంచి ఒక రోజు లోపు కడుపునొప్పి, విరేచనాలు వచ్చి వాంతులు అంతగా లేకపోతే గుండిగలో చల్లారిన మాంసం, పప్పు మీద అనుమానం. మర్నాడో ఎల్లుండో జ్వరంతో మొదలైతే సాల్మొనెల్లా లాంటివి, అంటే సరిగా ఉడకని కోడి, గుడ్డు, లేదా పచ్చి మాంసం తాకిన పచ్చి ఉల్లిపాయ ముక్కలు. పెళ్లింటి భోజనం తిన్న రెండో రోజున జ్వరం వస్తే దాన్ని పెళ్లికి అంటగట్టాలని మనకి తోచదు, నిన్న తిన్నదాన్ని నిందిస్తాం.

ఐదుకీ అరవైకీ నడుమ

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో వంటవాళ్లందరి కోసం ఐదు సూత్రాలు తెచ్చింది: శుభ్రత, పచ్చిదీ వండిందీ వేరుగా ఉంచడం, పూర్తిగా ఉడికించడం, సరైన వేడిలో నిలవ చేయడం, మంచి నీళ్లూ మంచి సరుకూ వాడడం. అన్నీ అవసరమే. మన డెల్టాలో మాత్రం నాలుగోది చెప్పినంత గట్టిగా మిగతావి చెప్పకపోయినా ఫరవాలేదంటాను. వేడిగా ఉంచేది 60 డిగ్రీల పైన ఉండాలి, చల్లగా ఉంచేది 5 డిగ్రీల లోపు ఉండాలి. వండేటప్పుడు నడి ముక్కలో కూడా 70 డిగ్రీలు దాటాలి. వండింది బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు. అదీ మామూలు వాతావరణంలో. 32 డిగ్రీలు దాటిన చోట గంటే అని అమెరికా వాళ్ల నియమం. మే నెలలో భీమవరంలోనో అమలాపురంలోనో షామియానా కింద ఎంత వేడి ఉంటుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ ఉక్కలో వంటకం తనంతట తాను చల్లారదు, చల్లారినా ఐదు డిగ్రీలకి రాదు. మన వాతావరణంలో బయట పెట్టినదేదైనా ఐదుకీ అరవైకీ మధ్యనున్న ఆ ప్రమాదపు నడిమిలోనే కూర్చుంటుంది.

మరి మన ముందుతరం ఫ్రిజ్ లేకుండా ఎలా నెట్టుకొచ్చింది? వాళ్ల చేతిలో పులుపుంది, ఉప్పుంది, ఎండుంది. ఈ సంగతి తెలియకుండా, పాత అలవాట్లన్నీ తప్పని చెప్పే శిక్షణ మన ఊళ్లో నిలవదు. పాతవన్నీ ఒప్పని చెప్పడం కూడా ప్రమాదమే.

చేపల పులుసు మర్నాడే రుచి అంటారు. చిక్కటి చింతపండు పులుపులో చాలా సూక్ష్మజీవులు పెరగలేవు. దానికి తోడు పాతకాలంలో ఆ మట్టి దాకని రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి పొయ్యెక్కించి తెర్లించేవారు. ఇప్పుడు పులుపు తగ్గించి, టమాటాలూ కొబ్బరిపాలూ పోసి, అదే నమ్మకంతో రాత్రంతా గట్టు మీద వదిలేస్తున్నాం. పేరు పులుసే, కాపలా మాత్రం లేదు. పులిహోర ప్రయాణానికి ఆగేదీ ఆ చింతపండు గుజ్జు వల్లే. నిమ్మకాయ నామమాత్రంగా పిండిన పులిహోర దానికి సమానం కాదు.

తరవాణి, అంటే అన్నాన్ని నీళ్లలో పులియబెట్టుకునే పద్ధతి, దాని సంగతి మరీ చక్కనిది. తరవాణి కుండలో పాత పులుపు ఎప్పుడూ కాస్త మిగిల్చి ఉంచేవారు. అన్నం అందులో పడగానే, లేదా మజ్జిగ చుక్క కలిసిన నీళ్లలో పడగానే, పులియబెట్టే మంచి సూక్ష్మజీవులు ముందుగా చోటు ఆక్రమించి పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపులో బాసిలస్ లాంటివి పెరగడం కష్టం. రాత్రి మిగిలిన అన్నానికి మూతపెట్టి అలాగే వదిలి పొద్దున్నే తాలింపు పెట్టుకుంటే అది చద్దన్నమూ కాదు, తరవాణీ కాదు. పులుపు లేని వెచ్చటి అన్నం, అంతే. దద్దోజనం విషయంలోనూ జాగ్రత్త పడాలి. పొట్లాలు సాయంత్రానికి పులిసిపోకూడదని పెరుగు తగ్గించి పాలు ఎక్కువ కలుపుతారు. పులుపు రాకుండా చేయడమంటే కాపాడేదాన్ని తగ్గించడమే. అలాంటి పొట్లాలు కట్టిన గంట రెండు గంటల్లో పంచేయాలి.

టిఫిన్ సెంటర్లో పెసరట్టు పక్కన రెండు పచ్చళ్లు వేస్తారు. అల్లం పచ్చడికి చింతపండు, బెల్లం, ఉప్పు, నూనె కాపలా. కొబ్బరి పచ్చడికి ఏదీ లేదు. పచ్చికొబ్బరి, పప్పులు, కాచని నీళ్లు, రుబ్బిన యంత్రం గిన్నె అంచులో నిన్నటి మిగులు. ఆ పైన పొద్దున ఐదు నుంచి పదకొండు దాకా స్టీలు బకెట్లో గరిటెతో. అది ఒక్కసారి కూడా పొయ్యెక్కదు. నా లెక్కలో మన టిఫిన్ బల్ల మీద అన్నిటికంటే జాగ్రత్త కోరేది అదే. కాచి చల్లార్చిన నీళ్లు పోసి, గంటన్నరకి సరిపడా మాత్రమే రుబ్బి, మిగతా కొబ్బరి ముక్కలు ఫ్రిజ్‌లో ఉంచి, అయిపోయాక మళ్లీ రుబ్బుకోవడం పెద్ద ఖర్చు కాదు. పాత బకెట్లో కొత్త పచ్చడి పోయడం మాత్రం మానాలి.

తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకులు ఊళ్లు దాటి వెళ్తున్నాయంటే వాటిలో సూక్ష్మజీవులకి అందే నీరు లేదు. పాకం నీటిని పట్టి ఉంచుతుంది, పూతరేకులో అసలు తడే లేదు. కోవా, పాలతాలికలు, పరమాన్నం ఆ వరసలోకి రావు.

చేప, రొయ్య, నీళ్లు

సముద్రపు చేపల్లో వంజరం, కవళ్లు, కానాగంతల్లాంటివాటికి ప్రత్యేకమైన చిక్కుంది. పట్టిన వెంటనే ఐసులో పెట్టకపోతే వాటి కండలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. ఆ చేప తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల్లోపు మొహం ఎర్రబడుతుంది, తలనొప్పి, దద్దుర్లు, దురద వస్తాయి. "నాకు చేప పడదు" అనుకుని జీవితాంతం మానేసేవాళ్లున్నారు. పడనిది చేప కాకపోవచ్చు, ఎండలో గడిపిన గంటలు కావచ్చు. హిస్టమిన్ కూడా ఉడికిస్తే పోదు. ఉప్పుటేరుల రొయ్యల్లో, పీతల్లో విబ్రియో జాతి సూక్ష్మజీవులు వేసవిలో ఎక్కువవుతాయి. అవి వేడికి తేలిగ్గా చస్తాయి, కాబట్టి రొయ్య పూర్తిగా ఉడికితే చాలు. పచ్చి రొయ్యలు కడిగిన నీళ్లు కొత్తిమీర మీద పడితే మాత్రం ఉడికించిన ప్రయోజనం పోతుంది. చేపల పెట్టెల్లో వేసే ఐసు తాగే నీళ్లతో చేసినదని అనుకోకూడదు. దాన్ని చెరుకురసంలో వేయకూడదు.

మన ఇళ్లలో నీచుకి వేరే కత్తిపీట ఉండేది. వాసన అంటుతుందని పెట్టుకున్న కట్టుబాటు అది, కానీ పచ్చి మాంసం మీది సూక్ష్మజీవులు కూరగాయల్లోకి పోకుండా కాపాడింది. ఇప్పుడు ప్లాస్టిక్ పలక ఒక్కటే, దాని మీదే కోడి, దాని మీదే బిర్యానీలోకి ఉల్లి చక్రాలు. ఆ పాత కట్టుబాటుని తిరిగి తెచ్చుకోవడం నేర్పితే చాలు, రంగురంగుల పలకలు కొనక్కర్లేదు. కోడిని కుళాయి ధార కింద కడగడం కూడా మానాలి, తుంపరలు చుట్టూ గిన్నెల మీద పడతాయి. ఉప్పూ పసుపూ వేసి కడగాలనుకునేవాళ్లు లోతైన గిన్నెలో నెమ్మదిగా కడిగి, తర్వాత ఆ తొట్టిని సబ్బుతో తోమాలి.

వేసవిలో కాలువలు కట్టేశాక మంచినీళ్ల చెరువుల్లో నీళ్లు అడుగంటుతాయి. వరదలప్పుడు బురదనీరు కలుస్తుంది. ఆ రెండు కాలాల్లోనూ కాచని నీళ్లతో చేసే పచ్చళ్లు, మజ్జిగ, కడిగిన గ్లాసులు అన్నీ ప్రమాదమే. నీళ్లు తెర్లి నిమిషం ఆగాలి. బండి దగ్గర ఒకే బకెట్లో ముంచి తీసే ప్లేట్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రెండు బకెట్లూ సబ్బూ ఉండాలి, నీళ్లు తరచూ మార్చాలి.

ఇంట్లో ఫ్రిజ్ ఉన్నంత మాత్రాన సరిపోదు. ఐదు లీటర్ల గిన్నెలో వేడి పప్పుచారు అలాగే లోపల పెడితే నడుము చల్లబడడానికి రాత్రంతా పడుతుంది, పక్కనున్న పాలు కూడా వేడెక్కుతాయి. వేడిది ఫ్రిజ్‌లో పెట్టకూడదని పొద్దుగూకేదాకా గట్టు మీద ఉంచడం అంతకంటే చెడ్డది. వెడల్పాటి పళ్లేల్లో, రెండంగుళాల లోతుకి మించకుండా పోసి, ఆవిరి పోగానే లోపల పెట్టాలి. తుఫాను రోజుల్లో కరెంటు పోతే తలుపు తెరవకుండా ఉంచితే నాలుగు గంటలు నమ్మొచ్చు. ఆ తర్వాత అన్నం, కూర, మాంసం పారేయాలి.

చదువు ఎవరికి చేరుతోంది

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం క్యాటరింగ్ వాళ్లకీ వర్తిస్తుంది. 2011 నియమాల నాలుగో షెడ్యూలులో శుభ్రత, చేతులు, నీళ్లు, పనివాళ్ల వార్షిక ఆరోగ్య పరీక్ష అన్నీ ఉన్నాయి. ఆ చట్టాన్ని అమలు చేసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2017లో ఫోస్టాక్ అనే శిక్షణ మొదలుపెట్టింది. పాతిక మంది పనివాళ్లకి ఒక్కరైనా శిక్షణ పొందిన పర్యవేక్షకుడు ఉండాలన్నది దాని లెక్క. ఆలోచన మంచిదే. కానీ మన పెళ్లి వంటల్లో ధ్రువపత్రం యజమాని దగ్గర ఉంటుంది, అన్నం కలిపే చెయ్యి సీజనుకి వచ్చిపోయే మనిషిది. అతనికి తరగతి గది అక్కర్లేదు. గాడిపొయ్యి పక్కన అరగంట కూర్చోబెట్టి, అన్నం రాశి నడుమ థర్మామీటరు గుచ్చి అంకె చూపిస్తే చాలు. ఆ గుచ్చే థర్మామీటరు కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది. ఒక పెళ్లిలో మిగిలిపోయే స్వీట్ల ఖరీదు కూడా ఉండదు. అంకె కళ్ల ముందు కదిలితే వంట మాస్టరు వాదించడు. వేడి మీద అతనికున్న పట్టు మనలో ఎవరికీ లేదు. అతనికి కావాల్సింది ఆ పట్టుని గుండిగ దించాక కూడా వాడడం.

ఎవరికైనా వాంతులు, విరేచనాలు మొదలైతే ముందు ఒంట్లో నీళ్లు తగ్గిపోకుండా చూడాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో కలిపి గుటక గుటకగా పట్టాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు కలపాలి, చిన్న చెంచాతో అంచుకి సమంగా కొలవాలి. విరేచనాలు ఆపే మాత్రలు సొంతంగా వేసుకోకూడదు. రక్తం పడినా, మూత్రం ఆగినా, మగతగా ఉన్నా, పసిపిల్లలైనా గర్భిణులైనా ముసలివాళ్లైనా ఆసుపత్రికి ఆలస్యం చేయకూడదు. మిగిలిన వంటకాన్ని కంగారులో కాలువలో పారబోయకుండా ఒక్కో గిన్నెడు శుభ్రమైన డబ్బాల్లో ఫ్రిజ్‌లో ఉంచితే పరీక్షకి ఆధారం దొరుకుతుంది.

క్యాటరింగ్‌కి బయానా ఇచ్చేటప్పుడు మనం ఐటాలు లెక్కపెడతాం, ప్లేటు రేటు బేరమాడతాం. అప్పుడే ఇవీ అడగాలి. అన్నం ఎన్ని వాయిలుగా వండుతారు, ఆఖరి బంతికి వేరే వాయి వండుతారా? కూరలు పొయ్యి మీద సన్నసెగన ఉంటాయా, దించి పక్కన పెడతారా? మాంసం ఎన్నింటికి వస్తుంది, ఐసులో వస్తుందా? చేతులు కడుక్కోవడానికి వంటచోట కుళాయి, సబ్బు మనం ఏర్పాటు చేయాలా? ఈ చివరిదానికి ఇంటివాళ్లే పూనుకోవాలి. కళ్యాణ మండపాల వెనక వంటచోట చాలాసార్లు కుళాయి ఉండదు. పీపా, చెంబు, సబ్బు మనం పెట్టిస్తే, అడగకుండానే వాడతారు. రెండో వాయి అన్నానికి కట్టెలకో గ్యాసుకో అయ్యే ఖర్చు కూడా మనమే ఇస్తామని బయానా రోజునే చెప్పేయాలి, ఎందుకంటే ఆ ఖర్చు మిగుల్చుకోవడానికే ఎక్కువమంది అన్నం అంతా ఒకేసారి వండేస్తారు.